జావా బాతిక్: గుడ్డను తిరగేసి చూడడం

ఇండోనేసియాలోని జావా ద్వీపంలో, సెమరాంగ్‌లో కాపురం పెట్టిన తొలి నెలలోనే ఒక దుకాణంలో బాతిక్ గుడ్డ కొని మోసపోయాను. గోధుమ రంగు మీద తెల్లటి పూలూ, వాటి మధ్య రెక్కలు విప్పిన పక్షులూ ఉన్న రెండున్నర మీటర్ల గుడ్డ అది. చేత్తో గీసిందని దుకాణదారు చెప్పాడు, ధర కూడా చేతిపనికి తగ్గట్టే చెప్పాడు. ఇంటికి తెచ్చి మురిపెంగా మంచం మీద పరిస్తే, కింది వాటాలో ఉండే పెద్దావిడ దాని ముఖం వైపు చూడనే లేదు. అంచు పట్టుకుని తిరగేసి, ఒక్క క్షణం పరికించి, నెమ్మదిగా మడిచి నా చేతిలో పెట్టారు. వెనుక వైపు రంగు వెలిసినట్టు పాలిపోయి ఉంది. తరువాత ఆవిడ తన పెట్టెలోంచి ఒక పాత గుడ్డ తీసి దాన్నీ తిరగేశారు. అందులో ఏది ముందో ఏది వెనుకో ఎంతసేపు చూసినా నేను పోల్చుకోలేకపోయాను.

అసలైన బాతిక్‌లో గుడ్డ మొత్తాన్నీ రంగుతొట్టిలో ముంచుతారు. రంగు ఎక్కకూడని చోట్లను ముందుగానే, గుడ్డకు రెండు వైపులా, కరిగిన మైనంతో గీసి మూసేస్తారు. అందువల్ల రంగు ఇటూ అటూ సమానంగా దిగుతుంది. మిషను మీద అచ్చుపడిన గుడ్డకు మాత్రం ఒక ముఖమే ఉంటుంది. మైనం తగలని గుడ్డను తెలిసినవాళ్ళు అక్కడ బాతిక్ అనరు, బాతిక్ నమూనా అచ్చేసిన గుడ్డ అంటారు. చేత్తో గీసినదాన్ని ‘తులిస్’ అంటారు, అంటే రాత. రాగి రేకులను వంచి చేసిన అచ్చును మైనంలో అద్ది గుడ్డ మీద నొక్కితే అది ‘చాప్’, మన ‘ఛాపా’ మాటకు చుట్టం. ఈ రాగి అచ్చు 19వ శతాబ్ది నడుమ వాడుకలోకి వచ్చింది. నెలల తరబడి గీయవలసిన గుడ్డను రోజుల్లో ముగించే వీలు దానితోనే కలిగింది. నేను కొన్నది ఈ రెండింటిలో ఏదీ కాదు.

మన దగ్గర బాతిక్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ముదురు రంగు మీద సాలెగూడులా పాకిన సన్నటి బీటలు. నైటీల మీదా దుప్పట్ల మీదా మనం చూస్తూ పెరిగింది అదే. 1927లో రవీంద్రనాథ్ ఠాగూరు జావా, బాలి ద్వీపాలు చూసి వచ్చాక శాంతినికేతన్‌లో ఈ విద్యకు ఊపు వచ్చింది. తరువాత అది దేశమంతటా పాకిన క్రమంలో మైనం పగుళ్ళే ఒక అందంగా స్థిరపడ్డాయి. నాకు అందులో తప్పేమీ కనిపించదు. కాని మధ్య జావా పనివాళ్ళ కళ్ళకు బీట అంటే మైనం పగిలి రంగు లోపలికి దూరిందనీ, పని చెడిందనీ అర్థం. మైనం పెళుసెక్కకుండా, వంగినా విరగకుండా ఉండాలని తేనెమైనంలో గుగ్గిలం, దేవదారు జాతి చెట్ల బంక, పశువుల కొవ్వు, పారఫిన్ ఒక్కొక్కరు ఒక్కో పాళ్ళలో కలుపుతారు. ఆ పాళ్ళు ఇంటి రహస్యాలు, మనకు ఆవకాయ కొలతల్లాగా.

మా వారి ఉద్యోగం పుణ్యమా అని మూడేళ్ళు సెమరాంగ్‌లో ఉన్నాం. బాతిక్ నేర్చుకోవాలనుకునేవాళ్ళకు అంతకంటే అనువైన ఊరు లేదని నా అభిప్రాయం. జావా ఉత్తర తీరంలో, ఇంచుమించు నడిమధ్యన ఉంటుంది. పడమటికి నూరు కిలోమీటర్లు పోతే పెకలోంగన్, తూర్పుకు ఇంకాస్త దూరం పోతే లాసెమ్, దక్షిణంగా కొండలు దాటి దిగితే సోలో, యోగ్యకర్త. ఏ దిక్కుకు బయల్దేరినా ఒక పూటలో గుడ్డ రంగు మారిపోతుంది. నేను దాన్ని కళ్ళారా చూసి నేర్చుకున్నాను కాబట్టి అదే వరుసలో చెబుతాను.

పని ఎలా సాగుతుందో మాత్రం ముందు చెప్పాలి, లేకపోతే ఊళ్ళ తేడా అర్థం కాదు. యోగ్యకర్తకు దక్షిణాన ఇమోగిరి కొండ మీద మాతరాం రాజుల సమాధులున్నాయి. దానికి దగ్గరలోనే ఉన్న గిరిలోయో పల్లెలో ఆడవాళ్ళు తరాలుగా మైనం గీస్తున్నారు. 2006 మే 27న వచ్చిన భూకంపానికి ఆ బంతుల్ జిల్లా అంతా కుప్పకూలింది. అంతకుముందు వీళ్ళు మైనం గీసి ఊరుకునేవారు, రంగు వేయించి అమ్ముకునేది పట్నపు వ్యాపారులు. భూకంపం తరువాత జట్లుగా ఏర్పడి రంగులద్దడం, అమ్మడం కూడా తామే చేపట్టారు. అక్కడ నేను రెండు రోజులు కూర్చున్నాను.

చిన్న బొగ్గుల కుంపటి మీద అరచేయంత మూకుడు, అందులో గోధుమ రంగు మైనం సన్నగా పొగలు కక్కుతూ ఉంటుంది. చేతిలో ‘చాంతింగ్’ అనే పనిముట్టు. కొయ్య పిడి, దానికి చిన్న రాగి గిన్నె, గిన్నెకు పక్షిముక్కులా వంగిన సన్నటి గొట్టం. ఆ గిన్నెను ‘న్యాంప్లుంగాన్’ అంటారని విని ఆరా తీస్తే, న్యాంప్లుంగ్ అంటే మన పొన్నచెట్టేనని తెలిసింది. గిన్నె కూడా సరిగ్గా పొన్నకాయంతే ఉంటుంది. పక్కనే పొట్టి పీట మీద కూర్చున్న ఇబు (అమ్మగారు అన్నట్టు పెద్దవాళ్ళను అక్కడ అలాగే పిలుస్తారు) గిన్నెను మైనంలో ముంచి, పెదవుల దగ్గరకు తెచ్చి గొట్టం మీద ఒక్కసారి ఊది, గుడ్డకు ఆనించారు. కొయ్యచట్రం మీద వేలాడుతున్న గుడ్డ కింద ఆవిడ ఎడమ అరచేయి ఉంది, కుడిచేయి దాదాపు కదిలినట్టే లేదు. గీత మాత్రం తనంతట తాను పాకుతున్నట్టు సాగింది. మైనం తగిన వేడిలో ఉంటే గుడ్డలోకి ఇంకి వెనుక వైపుకు కూడా తేలుతుంది. చల్లారితే పైపైన తెట్టుగా నిలుస్తుంది, మరీ వేడెక్కితే గీత పక్కలకు పాకి చెడిపోతుంది. నేను గీసిన మొదటి ఆకు మొదలు నుంచి కొస దాకా చుక్కలు చుక్కలుగా కారింది. ఇబు నా మణికట్టు పట్టుకుని ‘అలోన్, అలోన్’ అన్నారు. నిదానం, నిదానం అని.

బయటి గీతలు పూర్తయ్యాక లోపల నింపుడు మొదలవుతుంది. ఆకు ఈనెలు, చేప పొలుసులు, బియ్యపు గింజలంతటి గీతలు, అన్నిటికంటే ముఖ్యంగా చుక్కలు. ఈ నింపుడు పనులన్నిటినీ ‘ఇసెన్’ అంటారు, చుక్కను ‘చెచెక్’ అంటారు. ఒక అంగుళం చదరంలో నేను లెక్కపెట్టబోయి నలభై దాటాక వదిలేశాను. గుడ్డ విలువ కట్టేటప్పుడు తెలిసినవాళ్ళు ముందు చూసేది ఈ చుక్కలనే. అవి గుండ్రంగా ఉన్నాయా, ఒకదానితో ఒకటి కలిసిపోయాయా, వెనుక కూడా అంతే స్పష్టంగా ఉన్నాయా అన్నది చూస్తారు. తెల్లగా మిగలవలసిన పెద్ద జాగాలను చివరన మందమైన మైనంతో గోడ మెత్తినట్టు మెత్తుతారు, దానికి పేరు కూడా గోడ అనే మాట మీదే వచ్చింది.

ఆ తరువాత నీలిమందు తొట్టి. చల్లని నీలిలో ముంచి, గాలికి ఆరేసి, మళ్ళీ ముంచి, రంగు చిక్కబడేదాకా పదేపదే చేస్తారు. సోలోలోనూ యోగ్యకర్తలోనూ అప్పుడొక నాజూకైన మలుపు వస్తుంది. గోధుమ రంగు రావలసిన చోట్ల మైనాన్ని కత్తితో గీరేస్తారు, నీలంగా ఉండిపోవలసిన చోట్లను కొత్తగా మైనంతో కప్పుతారు, అప్పుడు ‘సోగా’ అనే గోధుమ రంగులో ముంచుతారు. గీరిన తెల్ల జాగాలకు గోధుమ రంగు ఎక్కుతుంది, కప్పకుండా వదిలిన నీలం మీద సోగా పడి నలుపుకు దగ్గర పడుతుంది. చివరికి సలసల మరిగే నీళ్ళలో వేస్తే మైనమంతా కరిగి తేలిపోయి గుడ్డ బయటపడుతుంది. గుడ్డకు తన పూర్తి రూపం కనబడేది ఆ ఆఖరు నిమిషంలోనే. అన్ని నెలలూ గీసినావిడ కూడా అంతవరకు దాన్ని ఊహించుకోవలసిందే.

ఆ సోగా రంగుకు వాడే చెట్లలో ఒకదాని పేరు తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మన ఊళ్ళలో రోడ్ల పక్కన వేసవిలో పసుపు పూలు రాల్చే పచ్చతురాయి చెట్టు, కొందరు కొండచింత అంటారు, దాని బెరడే అది. మడచెట్టు బెరడూ, ఇంకో చెట్టు పసుపు చెక్కా కలిపి కాచి, బెల్లం రంగు నుంచి కాఫీ రంగు దాకా తీస్తారు. హైదరాబాదులో ఆ చెట్టు కిందే రోజూ బస్సు కోసం నిలబడినదాన్ని, దాని బెరడులో ఇంత రంగు దాగి ఉందని నాకెవరు చెప్పారు? ఇప్పుడు చాలాచోట్ల రసాయన రంగులే వాడుతున్నారు, కాని పాత సోగా గుడ్డను ఎండలో పట్టుకుంటే తేనె పూసినట్టు మెరిసే మెరుపు వాటికి రాదు.

ఇక ఊళ్ళు. 1755లో గియాంతి ఒప్పందంతో మాతరాం రాజ్యం రెండుగా చీలి, సురకర్తలో సునన్ (అక్కడి రాజు బిరుదు), యోగ్యకర్తలో సుల్తాన్ వేరు దర్బారులు పెట్టుకున్నారు. సురకర్తనే ఇప్పుడు సోలో అంటున్నాం. నమూనాల పేర్లు రెండుచోట్లా ఇంచుమించు అవే. అయినా పక్కపక్కన పెడితే అన్నదమ్ముల పిల్లల్లా వెంటనే వేరుపడతాయి. యోగ్యకర్త గుడ్డలో తెలుపు తెల్లగా మెరుస్తుంది, దాని పక్కన నీలం నలుపుకు దగ్గరగా ఉంటుంది, గీత కరుకుగా ఉంటుంది. సోలోలో ఆ తెలుపు మీద కూడా సోగా పాకి మీగడ రంగు తేలుతుంది, మొత్తం గుడ్డకు పండిన మావిడిపండు వెచ్చదనం వస్తుంది. కట్టుకోవడంలో కూడా తేడా ఉంది. ముందు కుచ్చిళ్ళు పెట్టేటప్పుడు గుడ్డ కొసనున్న తెల్లటి అంచును యోగ్యకర్తవాళ్ళు పైకి కనబడేలా వదులుతారు, సోలోవాళ్ళు లోపలికి మడిచేస్తారు. నాకు సోలో రంగు ఇష్టం, యోగ్యకర్త గీత ఇష్టం.

ఈ రెండు దర్బారుల నమూనాల్లో అందరికంటే పెద్దది ‘పరాంగ్’. హంసమెడలా వంగిన ఆకారాలు ఒకదానిలో ఒకటి దూరి, గుడ్డకు అడ్డంగా ఏటవాలు పట్టీలుగా సాగుతాయి. పట్టీల మధ్య చిన్న చిన్న వజ్రాకారాలు వరుస కడతాయి. కొందరు దాన్ని కత్తి అంటారు, కొందరు కొండవాలు అంటారు, దక్షిణ సముద్రపు అల రాతిని కొడుతున్న తీరు అని ఇంకొందరంటారు. నాకు మూడోదే నిజమనిపిస్తుంది, యోగ్యకర్త దక్షిణ తీరాన నిలబడి ఆ అలలు చూశాను కనుక. పట్టీ వెడల్పు హోదాను చెబుతుంది. అన్నిటికంటే వెడల్పైన ‘పరాంగ్ బారోంగ్’ రాజుది, అన్నిటికంటే సన్ననిది ‘క్లితిక్’. 1769లోనే సురకర్త సునన్ మూడవ పకుబువోనో పరాంగ్ రుసాక్ వంటి కొన్ని నమూనాలను సామాన్యులు కట్టరాదని శాసించాడు, యోగ్యకర్త సుల్తానులు కూడా అటువంటి ఆంక్షలే పెట్టారు. ఇప్పుడు బజారులో ఎవరైనా కొనుక్కోవచ్చు. అయినా రాజప్రాసాదంలో వేడుకకు వెళ్ళేటప్పుడు పరాంగ్ కట్టుకోకపోవడం ఇప్పటికీ మర్యాద. పెళ్ళికి కూడా కట్టరు. ఆ కత్తి అంచులు కాపురంలో కలతలు తెస్తాయని భయం.

పెళ్ళికి కట్టేవి వేరు. వధూవరులకు ‘సిదోముక్తి’, ‘సిదోలుహుర్’, ‘సిదోఆసిహ్’. మొదటి పేరు వినగానే తెలుగువాళ్ళం మోక్షం అనుకుంటాం, నేనూ అలాగే అనుకుని ఒకరికి చెప్పి దిద్దించుకున్నాను. ‘సిదో’ మన ‘సిద్ధ’మే, జరిగింది, నెరవేరింది అని అర్థం. కాని జావా భాషలో ‘ముక్తి’ అంటే సంసారాన్ని వదలడం కాదు, సంసారంలో సుఖసంపదలతో, గౌరవంతో బ్రతకడం. లుహుర్ అంటే ఉన్నతం, ఆసిహ్ అంటే ప్రేమ. ఇద్దరి తల్లిదండ్రులూ ‘త్రుంతుం’ కడతారు. నల్లటి ఆకాశంలో చుక్కలు పొడిచినట్టు చిన్న చిన్న పూలు గుడ్డంతా పరుచుకుని ఉంటాయి. సునన్ మూడవ పకుబువోనో మనసు తన మీదినుంచి మళ్ళిందని బాధపడిన రాణి, ఒంటరి రాత్రుల్లో ఆకాశం చూస్తూ ఈ గుడ్డ గీసిందనీ, రోజురోజుకీ దాన్ని చూడవచ్చిన రాజుకు ఆమె మీద ప్రేమ మళ్ళీ చిగురించిందనీ కథ చెబుతారు. పిల్లలకు కొత్త కాపురంలో దారి చూపించేవాళ్ళు కనుక అమ్మానాన్నలు దాన్ని కడతారట.

ఏడో నెల గర్భిణికి చేసే వేడుక మన సీమంతంలాగే ఉంటుంది. అందులో ఆమెకు ఒకదాని తరువాత ఒకటిగా ఏడు గుడ్డలు చుట్టి చూస్తారు. ఒక్కొక్క గుడ్డ చుట్టగానే పెద్దావిడ ‘నప్పిందా?’ అని అడుగుతుంది, చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ‘ఇంకా లేదు’ అంటారు. రాచనమూనాలకు కూడా అదే మాట చెప్పి, ఏడోదిగా అన్నిటికంటే సాదా గుడ్డ చుట్టినప్పుడు ‘నప్పింది’ అని ఒక్క గొంతుతో అంటారు. జబ్బుపడినవాళ్ళకు కప్పడానికి ‘తంబాల్’ అని బొంతలా అతుకులతో కనిపించే నమూనా ఒకటుంది, పోయినవాళ్ళ మీద కప్పడానికి ‘స్లోబోగ్’ అని మరొకటి. పుట్టకముందు నుంచి పోయేదాకా మనిషి ఒంటి మీద ఏ ఘట్టంలో ఏ గుడ్డ ఉండాలో ముందే నిర్ణయమై ఉందన్నమాట.

‘కావుంగ్’ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. నాలుగు కోడిగుడ్డు ఆకారాలు ఒక బిందువు దగ్గర కలిసి, అదే గుడ్డంతా పరుచుకుంటుంది. కావుంగ్ అంటే అక్కడి చక్కెరతాడి చెట్టు. ఆ కాయల్లోని గింజలను రంజాను నెలలో పాకంలో ఉడికించి తింటారు, మన తాటిముంజెల బంధువులే. నడుమ రాజు, చుట్టూ నాలుగు దిక్కులు అని పండితులు అర్థం చెబుతారు. నా కంటికి మాత్రం అవి ముంజెలే. 9వ శతాబ్దికి చెందిన ప్రంబనన్ శివాలయంలో రాతి గోడల మీద కూడా ఇటువంటి చెక్కడం కనిపిస్తుంది. ‘సెమెన్’ నమూనాలో చిగుళ్ళు, మేరుపర్వతం, గరుడుడి రెక్కలు తీగల మధ్య తేలుతుంటాయి. అందులో ‘సెమెన్ రామా’ అనేది, విభీషణుడికి రాముడు ఉపదేశించినట్టు జావా రామాయణంలో ఉన్న అష్టవ్రతాన్ని, అంటే రాజుకు ఉండవలసిన ఎనిమిది దేవతాగుణాలను చూపిస్తుందంటారు. అయిదు పూటలా నమాజు చేసే ఇంట్లో ఇబు గరుడుడి రెక్కలో చుక్కలు పెడుతూ ఆ కథ చెబుతుంటే, ఆ గుడ్డ మీద ఆవిడకున్న హక్కును గురించి నాకు ఏ సందేహమూ కలగలేదు.

కొండలు దిగి ఉత్తర తీరానికి వస్తే ఈ నియమాలన్నీ సడలిపోతాయి. ఇక్కడ శాసనాలు చేసిన సుల్తానులకంటే ఓడలూ, చీనా వర్తకులూ, అరబ్బులూ, డచ్చివాళ్ళూ ముఖ్యం. పెకలోంగన్‌లో యూరోపియన్ సంతతి స్త్రీలు 19వ శతాబ్దిలో సొంత కార్ఖానాలు నడిపారు. వాళ్ళలో ఎలీజా వాన్ జుయ్‌లెన్ (1863–1947) పేరు అందరికీ తెలుసు. పూలగుత్తి, దాని మీద వాలబోతున్న సీతాకోకచిలుక, లేత గులాబీ, ఆకాశనీలం రంగుల అడుగు, మూలన చేవ్రాలు. ఆ పూలగుత్తిని అక్కడ ‘బుకెతాన్’ అంటారు. ఆ పట్నానికి దగ్గరలోని కెదుంగ్‌వునిలో ఓయీ సో చున్ కుటుంబం 1925 నుంచి చేస్తున్న గుడ్డల్లో పువ్వు రేకుకు వెలుగునీడలు రంగుతో రావు, చుక్కలు దగ్గర పడడంతో, దూరం కావడంతో వస్తాయి. జపాను ఆక్రమణ కాలంలో (1942–45) నూలుగుడ్డకు కరువు వచ్చినప్పుడు పనివాళ్ళను ఖాళీగా కూర్చోబెట్టలేక, ఉన్న గుడ్డ మీదే ఈగ వాలే సందు లేకుండా గీయించారు. ఒకే గుడ్డను ఏటవాలుగా రెండు భాగాలు చేసి, ఒక సగం ఉదయానికి, ఒక సగం సాయంత్రానికి అని రెండు నమూనాలు పెట్టారు. ఒక గుడ్డతోనే రెండు గుడ్డల పని నడిచిపోవాలన్న ఆలోచన అది. ఆ కాలపు గుడ్డ చేతిలోకి తీసుకున్నప్పుడు అంత కరువులో అంత ఓపిక ఎలా వచ్చిందా అని నోట మాట రాలేదు.

పెకలోంగన్‌లోనే ‘జ్లాంప్రాంగ్’ అనే గళ్ళ నమూనా ఉంది. గుజరాతు పటోలా పట్టును జావా రాజకుటుంబాలు ఎంతో విలువైనదిగా చూసుకునేవి. ఆ నేత పూలను, నేత కనుక గళ్ళు గళ్ళుగా ఏర్పడే ఆ అంచులను, మైనపు చుక్కలతోనూ చదరాలతోనూ దింపాలని చేసిన ప్రయత్నమే ఇది. పుట్టపాక, పోచంపల్లి ఇక్కత్తు ఎరిగిన కళ్ళకు దీన్ని చూడగానే పరిచయస్థుల మొహం కనబడినట్టుంటుంది.

నేను మనసు పారేసుకున్నది లాసెమ్ మీద. ఎత్తైన గోడల వెనుక పాత చీనా ఇళ్ళు, లోపల పెరట్లో చెట్టు కింద వరుసగా కూర్చున్న పనివాళ్ళు. అక్కడి ఎరుపును ‘కోడిపిల్ల నెత్తురు’ అని పిలుస్తారు. మన తొగరుచెట్టు జాతిదే ఒకటి, దాని వేరు నుంచి ఆ ఎరుపు తీసేవారు. నూలుకు ఆ ఎరుపు పట్టడానికి గుడ్డను ముందుగా నూనెలోనూ బూడిదనీళ్ళలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టేవారు. ఆ ఎరుపు మీద చీనా ఫీనిక్సు పక్షి, సముద్రపు ఒడ్డున దొరికే ద్రాక్షగుత్తులవంటి నాచు. ‘వాతు పెచా’ అనే నమూనా పగిలిన కంకరరాళ్ళది. డేండల్స్ అనే డచ్చి గవర్నరు 1808 నుంచి తీరం వెంబడి వెట్టిచాకిరీతో వేయించిన రహదారిలో రాళ్ళు కొట్టి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ జ్ఞాపకం అందులో ఉందని లాసెమ్ వాళ్ళు చెబుతారు. అందమైన ఎరుపు గుడ్డగా కొనుక్కున్నాక ఆ మాట విని, చాలారోజులు దాన్ని కట్టుకోలేకపోయాను. ‘తిగ నెగెరి’, అంటే మూడు సీమలు, అనే గుడ్డ కథ కూడా ఇక్కడే మొదలవుతుంది. ఎరుపు లాసెమ్‌లో, నీలం పెకలోంగన్‌లో, సోగా సోలోలో వేయించి, ఒక్క గుడ్డ మూడు ఊళ్ళ నీళ్ళు తాగి వచ్చేదని చెబుతారు.

చిరెబోన్ మేఘాల నమూనా ‘మెగమెందుంగ్’ అందరికీ తెలిసిందే, ఇప్పుడు విమానాశ్రయపు గోడల మీదా సంచుల మీదా అదే కనిపిస్తుంది. కాని త్రుస్మి పల్లెలో చేసిన మంచి గుడ్డలో ఒక్క మేఘానికే లేత నీలం నుంచి ముదురు నీలం దాకా మెట్లు మెట్లుగా రంగు ఉంటుంది, ఒక్కో మెట్టుకూ ఒకసారి మైనం, ఒకసారి తొట్టి. తుబాన్ దగ్గర కెరెక్ పల్లెల్లో పత్తి వడకడం, నేయడం, గీయడం అన్నీ ఆ ఊరి ఆడవాళ్ళే చేస్తారు, ఆ గుడ్డ చేతికి మన ఖద్దరులా గరుగ్గా తగులుతుంది. ఇంద్రమాయులో మైనం మీద సూదులతో గుచ్చి చుక్కలు తెప్పిస్తారు. మదురా ద్వీపంలో గుడ్డను నీలి కాగుల్లో చాలాకాలం నానబెడతారు.

ఈ గుడ్డలన్నీ చూశాక మా అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చింది, అది కలంకారీ అద్దకానికి పేరుపడ్డ పెడనకు దగ్గర. 17వ శతాబ్ది ఆరంభంలోనే డచ్చి కంపెనీ మచిలీపట్నంలో కోఠీ పెట్టి, మన తీరపు అద్దకం గుడ్డలను ఓడలకెత్తి జావాకూ, సుగంధద్రవ్యాల దీవులకూ తీసుకుపోయింది. అక్కడివాళ్ళ ఇష్టానికి తగ్గట్టు కొసల్లో త్రికోణాల వరుస పెట్టి మనవాళ్ళు చేసిన గుడ్డలు ఇప్పటికీ ప్రదర్శనశాలల్లో ఉన్నాయి. అదే త్రికోణాల వరుస జావా బాతిక్ లుంగీలో ‘తుంపాల్’ అనే పేరుతో నేటికీ కొంగు భాగాన నిలిచింది. ఆ కాలపు మన అద్దకంలో ఎరుపు కోసం పటిక, కరక్కాయ, చిరివేరు వాడేవారు. నీలం కోసం మాత్రం రంగు పట్టకూడని చోట్లన్నీ కరిగిన మైనంతో కలంపట్టి కప్పి, గుడ్డను నీలి కుండలో ముంచేవారు. బాతిక్ మన దగ్గరే పుట్టిందని కొందరు గట్టిగా చెబుతుంటారు, ఆ వాదనలో నాకు ఆసక్తి లేదు. కృష్ణాతీరంలో మైనం కలం పట్టిన చేయి, సోలోలో చాంతింగ్ పట్టిన చేయి ఒకే ఓడదారికి అటు కొసనా ఇటు కొసనా పని చేశాయన్నది నాకు చాలు. మన అద్దకంలో మైనం ఒక అంకానికి మాత్రమే ఉపయోగపడి పక్కకు తప్పుకుంది, వాళ్ళ దగ్గర గీతా చుక్కా నింపుడూ అన్నీ మైనానివే.

సెమరాంగ్ వదిలి వచ్చేటప్పుడు కింది వాటా పెద్దావిడ తన పెట్టెలోని ఆ పాత గుడ్డను నాకిచ్చారు. అది సిదోముక్తి అనీ, సోలోలో చేసిందనీ అప్పటికి నాకు అడగకుండానే తెలిసింది. సబ్బు తగలనివ్వొద్దనీ, ‘లెరాక్’తోనే ఉతకమనీ, నీడలో ఆరేయమనీ మరీ మరీ చెప్పారు. లెరాక్ అంటే ఏమిటో అని నేను కంగారు పడుతుంటే వంటింట్లోంచి గుప్పెడు కాయలు తెచ్చి చూపించారు, అవి కుంకుడుకాయలు. మొన్న ఆదివారం మా పెరటి కుంకుళ్ళే కొట్టి, రసం పిండి, వెడల్పాటి బేసినులో ఆ గుడ్డను తడిపాను. నీళ్ళు లేత తేనెరంగుకు తిరిగాయి, ఎక్కడో అడుగున ఇంకా మిగిలి ఉన్న మైనం వాసన ఒక్కసారి పైకి తేలింది. నీడలో తాడు మీద వేసి ఆరాక, అలవాటుగా కొస పట్టుకుని తిరగేశాను.